నేల విడవని ఆర్కిటెక్ట్

ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్ అంటే ఏం చేస్తారని అడిగితే, అదే సంస్థలో పనిచేసే డెవలపర్లు కూడా చాలాసార్లు సూటిగా చెప్పలేరు. బొమ్మలు గీస్తారని ఒకరంటారు. కొత్త టూల్ వాడదామంటే అడ్డుచెప్పే కమిటీలో ఉంటారని ఇంకొకరంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది కాబట్టి ఆ మాటలు బాధ కలిగిస్తాయి. నేను కోడ్ రాస్తూ ఈ పనిలోకి వచ్చాను, ఇప్పటికీ రాస్తున్నాను. డిజైన్ తప్పుపోవడం ఎవరికైనా జరుగుతుంది, దాన్ని దిద్దుకోవచ్చు. తన మాట నిజమో కాదో తానే పరీక్షించుకోలేని స్థితికి ఆర్కిటెక్ట్ చేరుకున్నప్పుడు మాత్రం సంస్థకు తగిలే దెబ్బ పెద్దది. ఈ వృత్తి గురించి నేను నమ్మేవన్నీ ఆ ఒక్క విషయం నుంచే వచ్చాయి.

అసలు ఈ ఉద్యోగం అవసరం ఎందుకొచ్చింది? ఒక పెద్ద బ్యాంకునే తీసుకోండి. ఖాతాలకు ఒక సిస్టమ్, అప్పులకు ఒకటి, కార్డులకు మరొకటి, మొబైల్ యాప్ వెనక ఇంకొన్ని. ఒక్కోటి ఒక్కో దశాబ్దంలో, ఒక్కో డిపార్ట్‌మెంట్ డబ్బుతో వచ్చింది. కొన్ని కొన్నవి, కొన్ని సొంతంగా కట్టుకున్నవి, కొన్ని వేరే బ్యాంకును కలుపుకున్నప్పుడు దాంతోపాటు వచ్చిపడ్డవి. విడివిడిగా చూస్తే ప్రతిదానికీ ఒక న్యాయమైన కారణం ఉంటుంది. ఒకే ఖాతాదారు చిరునామా అయిదు చోట్ల అయిదు రకాలుగా ఉండటానికి మాత్రం ఎవరి దగ్గరా సంజాయిషీ ఉండదు. ఎవరో ఒకరు మొత్తాన్ని ఒకేసారి చూడాలి. ఏది ఎవరిది, ఏది ఉండాలి, ఏది పోవాలి, ఏ రెండూ ఎలా మాట్లాడుకోవాలి అన్నది తేల్చాలి.

1987లో ఐబీఎం సిస్టమ్స్ జర్నల్‌లో జాన్ జాక్‌మన్ దీనికి ఒక చట్రం ప్రతిపాదించారు. ఏమిటి, ఎలా, ఎక్కడ అన్న మూడు ప్రశ్నలతో ఒక గడుల పట్టిక అది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నవి 1992లో చేరాయి. 1995లో ది ఓపెన్ గ్రూప్ సంస్థ, ఆర్కిటెక్చర్‌ను అంచెలంచెలుగా తయారుచేసే పద్ధతి అయిన టోగాఫ్ తొలి రూపాన్ని విడుదల చేసింది. దాని మూలం అమెరికా రక్షణ శాఖ తయారుచేసుకున్న ఒక పద్ధతిలో ఉంది. 1996లో అమెరికాలో క్లింగర్–కోహెన్ చట్టం వచ్చి, ప్రభుత్వ విభాగాల ప్రధాన సమాచార అధికారులు తమ ఐటీకి ఒక ఆర్కిటెక్చర్ తయారుచేసి నిర్వహించాలని విధించింది. అలా ఈ పనికి పేరు, పద్ధతి, చట్టం మూడూ దొరికాయి. వాటితోపాటే చిక్కు కూడా వచ్చింది. గడులన్నీ నింపితే, పత్రాలన్నీ సమర్పిస్తే పని అయినట్టే అనిపించడం మొదలైంది. జాక్‌మన్ పట్టిక మంచి పరికరమే. నింపిన పట్టికను చూసి నడుస్తున్న సిస్టమ్‌ను చూశామనుకోవడమే చేటు.

ఈ స్థానానికి ఎక్కివచ్చే మెట్లలోనే నేలకు దూరమయ్యే ఏర్పాటు ఉంది. ప్రోగ్రామర్‌గా ఉన్నప్పుడు మీరు రాసింది పనిచేయకపోతే నిమిషాల్లో తెలుస్తుంది. టెస్ట్ ఫెయిల్ అవుతుంది, బిల్డ్ ఆగిపోతుంది. టెక్ లీడ్ అయ్యాక మీ నిర్ణయం తప్పని తెలియడానికి వారాలు పడుతుంది. సొల్యూషన్ ఆర్కిటెక్ట్‌కు నెలలు, ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్‌కు ఏళ్లు. ఆ ఏళ్లు గడిచేలోపు మీరు వేరే సంస్థకో వేరే పదవికో వెళ్లిపోయి ఉండొచ్చు, మీ నిర్ణయం ఫలితాన్ని మీరు చూడకుండానే. నిర్ణయం పెద్దదయ్యేకొద్దీ దాని జవాబు ఆలస్యంగా వస్తుంది. ఆ జవాబు కూడా నేరుగా రాదు. డెవలపర్ నుంచి లీడ్‌కు, లీడ్ నుంచి మేనేజర్‌కు, మేనేజర్ నుంచి స్లైడ్‌కు చేరేసరికి ప్రమాదాన్ని చూపే ఎరుపు కాస్తా పసుపు అవుతుంది, పసుపు ఆకుపచ్చ అవుతుంది. వీళ్లలో అబద్ధం చెప్పాలనుకున్నవాళ్లు ఎవరూ ఉండరు. ప్రతి ఒక్కరూ తమ పైవాళ్ల ముందు కొంచెం ఆశగా మాట్లాడతారు, అంతే.

అందుకే చేత్తో పనిచేయడం అన్నదాన్ని నేను గొప్పకోసమో పాత ఇష్టంకొద్దీనో పట్టుకుని లేను. జవాబు తొందరగా, మధ్యవర్తులు లేకుండా నాకు చేరే దారి అదొక్కటే.

దీని గురించి ఒక అపోహ తొలగించాలి. ఆర్కిటెక్ట్ కోడ్ రాయాలి అనగానే, కీలకమైన ఫీచర్లు తానే రాయాలని కొందరు అనుకుంటారు. అలా చేయకూడదు. వారంలో సగం రోజులు వేరే మీటింగుల్లో ఉండే మనిషి రిలీజ్‌కు అడ్డంగా నిలిచే కోడ్ పట్టుకుంటే టీమ్ మొత్తం అతని కోసం ఎదురుచూడాలి. పైగా హోదా ఉన్నవాడి కోడ్‌ను తప్పుపట్టడానికి జూనియర్లు జంకుతారు. రాయాల్సినవి వేరే ఉన్నాయి. ఒక కొత్త డేటాబేస్ వాడమని చెప్పబోయే ముందు, మన అసలు డేటాలాంటి డేటాతో, మన అసలు లోడ్‌లాంటి లోడ్‌తో, అంటే ఒకేసారి వచ్చిపడే అంత పనితో, దాన్ని విరగ్గొట్టి చూసే చిన్న ప్రోగ్రామ్ రాయాలి. రెండు సిస్టమ్‌లు కలుస్తాయని చెప్పే ముందు, ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒక్క లావాదేవీని నిజంగా నడిపించే సన్నని దారి కట్టాలి. డెవలపర్లందరూ పాటించాలని మనం పెట్టిన ప్రమాణాన్ని ముందు మనమే ఖాళీ ల్యాప్‌టాప్ మీద మొదటి నుంచి పాటించి చూడాలి. ఇదొక్కటి చేస్తే చాలు, సగం ప్రమాణాలు బయటికి రాకముందే మారిపోతాయి.

రాయడం కంటే చదవడం ఎక్కువ. ప్రొడక్షన్ లాగ్‌లు, ప్రమాదాల తర్వాత రాసిన నివేదికలు, డేటాబేస్ లోపలే ఉండే స్టోర్డ్ ప్రొసీజర్లనే పాత ప్రోగ్రామ్‌లు. ఒక సంస్థ అసలు వ్యాపార నియమాలు విధాన పత్రంలో దొరకవు, పదిహేనేళ్ల కిందట ఎవరో కోడ్‌లో రాసిన, ఇలా అయితే అలా చేయి అనే ఇఫ్ షరతుల్లో దొరుకుతాయి. డేటాబేస్‌లో ఖాళీగా ఉండకూడదని పత్రం చెప్పే గడి ఎన్ని వరుసల్లో ఖాళీగా ఉందో డేటాబేస్‌ను అడిగే ఒక్క ప్రశ్న, అంటే ఒక్క క్వెరీ, చెబుతుంది. ఆ క్వెరీ రాయడానికి పది నిమిషాలు పట్టదు. రాయకుండా, పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మారే మైగ్రేషన్ ప్లాన్ ఆమోదించిన సమావేశాలు మాత్రం బోలెడు జరుగుతుంటాయి.

లెక్క వేసి చూస్తే తేలిపోయే విషయాల మీద ఈ రంగంలో ఎంత వాదన నడుస్తుందో చెప్పడానికి మైక్రోసర్వీసులు, అంటే ఒకే పెద్ద ప్రోగ్రామ్‌కు బదులు నెట్‌వర్క్ మీద ఒకదాన్నొకటి పిలుచుకునే చిన్న ప్రోగ్రామ్‌లు, మంచి ఉదాహరణ. ఒక సర్వీసు 99.9 శాతం సమయం అందుబాటులో ఉంటుందంటే, ఏడాదిలో దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగిపోవచ్చని అర్థం. ఒక కొనుగోలు పూర్తికావడానికి అలాంటి పది సర్వీసులు ఒకదాన్నొకటి పిలుచుకోవాలనుకోండి. పదీ ఒకేసారి పనిచేస్తేనే పని అవుతుంది. 0.999ని పదిసార్లు గుణిస్తే 99 శాతం వస్తుంది, అంటే ఏడాదికి దాదాపు 87 గంటలు. ఎవరి సర్వీసూ చెడ్డది కాదు, ఎవరూ తమ హామీ తప్పలేదు. అయినా ఖాతాదారుకు మూడున్నర రోజులకు పైగా సేవ అందలేదు. ఇక వేగం సంగతి. ఒకే డేటా సెంటర్‌లో ఒక సర్వర్ నుంచి మరోదానికి వెళ్లి రావడానికి సుమారు అర మిల్లీసెకను పడుతుంది. ఒకే ప్రోగ్రామ్ లోపల ఫంక్షన్‌ను పిలవడానికి పట్టే సమయం దీనితో పోలిస్తే లెక్కలోకే రాదు. లూప్‌లో వెయ్యిసార్లు పిలిచే కోడ్‌ను నెట్‌వర్క్‌కు అవతల పెట్టారంటే, కేవలం ప్రయాణానికే అర సెకను పోయింది. బొమ్మలో రెండు డబ్బాల మధ్య గీత గీయడం తేలికే. ఆ గీత దాటడానికి అయ్యే ఖర్చు తెలిసేది మాత్రం కోడ్ నడిపినవాళ్లకే.

2023లో అమెజాన్ ప్రైమ్ వీడియోకు చెందిన ఒక టీమ్ తమ అనుభవాన్ని బయటపెట్టింది. వీడియో, ఆడియో నాణ్యతను కనిపెట్టే తమ టూల్‌ను ముందు విడివిడి భాగాలుగా క్లౌడ్‌లో పరిచారు. తర్వాత వాటన్నిటినీ ఒకే ప్రాసెస్‌లోకి తెచ్చారు. ఖర్చు 90 శాతానికి పైగా తగ్గింది. దీన్ని పట్టుకుని మైక్రోసర్వీసుల పని అయిపోయిందని కొందరు ప్రకటించారు, అది అన్యాయం. ఆ ఒక్క టూల్‌లో భాగాల మధ్య కదిలే డేటా చాలా ఎక్కువ, కాబట్టి అక్కడ విడగొట్టడం నష్టం. వేరే చోట లాభం కావచ్చు. ఎక్కడ విడగొట్టాలో తేల్చే సూత్రం 1972లోనే సాఫ్ట్‌వేర్ పరిశోధకుడు డేవిడ్ పార్నస్ చెప్పారు. పని జరిగే క్రమాన్నిబట్టి ముక్కలు చేయకండి, మారే అవకాశమున్న ప్రతి నిర్ణయాన్నీ ఒక్కో మాడ్యూల్ లోపల దాచండి అని. ఈ సూత్రం వాడాలంటే ఏది మారుతూ వస్తోందో తెలియాలి. అది తెలియడానికి కోడ్ చరిత్ర చూడటం కంటే మంచి మార్గం నాకు కనిపించలేదు. ఏ ఫైళ్లు ఎప్పుడూ కలిసే మారుతున్నాయో కోడ్‌లో ప్రతి మార్పునూ నమోదుచేసే వెర్షన్ కంట్రోల్ చెబుతుంది. అవి రెండు వేర్వేరు సర్వీసుల్లో ఉంటే సరిహద్దు తప్పుచోట పడిందన్నమాట.

కొత్తది కట్టడం గురించి ఇంత మాట్లాడుకునే మేము, పాతదాన్ని తీసేయడం గురించి దాదాపు మాట్లాడుకోం. నా వరకు ఆర్కిటెక్ట్ పనిలో సగం అదే. నైట్ క్యాపిటల్ కథ తెలిసినవాళ్లు ఆ మాటను కొట్టిపారేయలేరు.

నైట్ అమెరికా స్టాక్ మార్కెట్లో పెద్ద ట్రేడింగ్ సంస్థ. 2012 ఆగస్టు 1న న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ చిన్న మదుపర్ల కోసం కొత్త పథకం మొదలుపెడుతోంది. దానికోసం నైట్ తన ఆర్డర్లు పంపే సాఫ్ట్‌వేర్‌ను మార్చింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో పవర్ పెగ్ అనే పాత ఫీచర్ కోడ్ ఇంకా ఉంది. దాని వాడకం 2003లోనే ఆగిపోయింది, తీసేయలేదు. 2005లో, ఆర్డర్ నిండిందో లేదో, అంటే అడిగినన్ని షేర్లూ చేతులు మారాయో లేదో, లెక్కపెట్టే భాగాన్ని కోడ్‌లో వేరే చోటికి జరిపారు. ఆ తర్వాత పవర్ పెగ్ సరిగా పనిచేస్తుందో లేదో ఎవరూ పరీక్షించలేదు. ఎలాగూ వాడటం లేదు కదా. 2012లో కొత్త కోడ్ రాసినప్పుడు, ఒకప్పుడు పవర్ పెగ్‌ను మేల్కొల్పిన ఫ్లాగ్‌నే, అంటే స్విచ్‌లాంటి గుర్తునే, కొత్త పథకానికి తిరిగి వాడారు. కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్ల మీద పెట్టాలి. ఏడింటి మీద పెట్టి ఒకదాన్ని మరిచారు. రెండో మనిషి సరిచూసే ఏర్పాటు లేదు.

మార్కెట్ తెరవకముందే పవర్ పెగ్ పేరుతో 97 ఈమెయిళ్లు సిబ్బందికి వెళ్లాయి. అవి హెచ్చరికలుగా రూపొందించినవి కావు, కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మార్కెట్ తెరిచాక ఆ ఫ్లాగ్‌తో పాత పవర్ పెగ్ మేల్కొని ఎనిమిదో సర్వర్ ఆర్డర్లు పంపుతూనే పోయింది, నిండినట్టు చెప్పే లెక్క దానికి అందదు కాబట్టి. కారణం దొరక్క ఇంజనీర్లు మిగతా ఏడింటి నుంచీ కొత్త కోడ్ తీసేశారు. దాంతో అవి కూడా అదే దారి పట్టాయి. 45 నిమిషాల్లో 212 ఆర్డర్లకుగాను 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగిపోయాయి. నష్టం 46 కోట్ల డాలర్లకు పైనే. మరుసటి ఏడాది అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ 1.2 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. అదే ఏడాది నైట్ వేరే సంస్థలో విలీనమైంది.

అందరూ దీన్ని, కోడ్‌ను సర్వర్ల మీద పెట్టే డిప్లాయ్‌మెంట్ పొరపాటుగా చెప్పుకుంటారు. నాకు ఇందులో ముందు కనిపించేది తొమ్మిదేళ్లపాటు చచ్చిపడి ఉన్న కోడ్. ఏ ఆర్కిటెక్చర్ పటంలోనూ పవర్ పెగ్‌లాంటి డబ్బా ఉండదు, ఎందుకంటే పటంలో మనం వాడేవే గీస్తాం. కానీ యంత్రం నడిపేది మన పటాన్ని కాదు, తనలో ఉన్న కోడ్‌ను. రెంటికీ ఉన్న తేడా కోడ్ తెరిచినవాళ్లకే కనిపిస్తుంది. అందుకే కొత్త సిస్టమ్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు, దీనివల్ల ఏది ఆగిపోతుంది, ఏ తేదీన ఆపుతారు, ఎవరు ఆపుతారు అని నేను తప్పనిసరిగా రాయించుకుంటాను. ఆపడానికి బడ్జెట్ లేకపోతే, కట్టడానికి బడ్జెట్ సరిపోలేదనే లెక్క.

ఇక మైగ్రేషన్. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో తన 50 లక్షలకు పైగా ఖాతాదారులను పాత యజమాని లాయిడ్స్ సిస్టమ్‌ల నుంచి, కొత్త యజమాని సబాడెల్ తయారుచేయించిన ప్లాట్‌ఫామ్‌కు మార్చింది. చాలావరకు ఒకే వారాంతంలో. డేటా సరిగానే చేరింది. ప్లాట్‌ఫామ్ మాత్రం తట్టుకోలేదు. ఒక దశలో 19 లక్షల మందికి ఖాతాలు అందుబాటులో లేకుండా పోయాయి. పరిస్థితి పూర్తిగా మామూలు కావడానికి డిసెంబర్ వచ్చింది. 2022 డిసెంబర్‌లో నియంత్రణ సంస్థలు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా విధించాయి. బ్యాంకు బోర్డు కోరగా జరిగిన స్వతంత్ర విచారణ 2019లో తేల్చిన విషయాల్లో ఒకటి నన్ను ఎప్పుడూ వదలదు. లోడ్ పరీక్షలు రెండు డేటా సెంటర్లలో ఒకదానిలోనే జరిగాయి.

ఆ తర్వాత జరిగింది మా వృత్తిలో ఉన్న ప్రతివాళ్లూ తెలుసుకోవాలి. 2023 ఏప్రిల్‌లో, ఆ సమయంలో ఆ బ్యాంకు ప్రధాన సమాచార అధికారిగా ఉన్న వ్యక్తికి వ్యక్తిగతంగా 81,620 పౌండ్ల జరిమానా పడింది. ప్లాట్‌ఫామ్ సరఫరాదారు, ఆ సరఫరాదారు కింది సబ్‌కాంట్రాక్టర్లు సిద్ధంగా ఉన్నారో లేదో నిర్ధారించుకోవడానికి తగిన చర్యలు తీసుకోలేదన్నది అభియోగం. సిద్ధమని రాతపూర్వకంగా చెప్పినవాళ్లు ఉన్నారు. ఆ మాటకు ఆధారం ఏమిటని తవ్వి చూడటం కూడా బాధ్యతలో భాగమేనని నియంత్రణ సంస్థ చెప్పినట్టయింది. సిద్ధమన్న మాటకూ సిద్ధమన్న రుజువుకూ మధ్య ఉన్న దూరాన్ని కొలవగల మనిషి ఆ గదిలో ఒకరైనా ఉండాలి. లోడ్ టెస్ట్ నివేదిక తెరిచి, ఇది ఏ యంత్రాల మీద, ఎంత డేటాతో, ఏ రకం ట్రాఫిక్‌తో నడిచింది, రెండో సెంటర్ ఫలితం ఏది అని అడగగల మనిషి. ఆ ప్రశ్నలు ఫ్రేమ్‌వర్క్ పుస్తకం నుంచి రావు. ఎప్పుడో ఒకప్పుడు తానే లోడ్ టెస్ట్ రాసి, ఖాళీ డేటాబేస్ మీద నడిపితే ఎంత అందమైన అంకెలు వస్తాయో చూసిన అనుభవం నుంచి వస్తాయి.

పెద్ద మార్పును ముక్కలుగా చేయాలని, పాతదాని పక్కనే కొత్తది పెంచుతూ కొద్దికొద్దిగా ట్రాఫిక్ మళ్లించాలని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకున్నాక కూడా ఒకే రాత్రి మార్పు వైపే సంస్థలు ఎందుకు జారిపోతాయి? ముక్కలుగా చేస్తే మధ్యకాలమంతా రెండు సిస్టమ్‌లూ నడవాలి. రెండింటి డేటా ఒకదానితో ఒకటి సరిపోవాలి, రెండింటికీ డబ్బు కట్టాలి. ఆ సరిపోల్చే కోడ్ రాయడం కష్టం, ప్రాజెక్ట్ అయ్యాక దాన్ని పారేయాలి. పారేయబోయే కోడ్‌కు డబ్బు అడగడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఆ కోడ్ ఎంత పనో చెప్పగలిగినవాళ్లే దానికోసం పట్టుబట్టగలరు. రోజూ రాత్రి రెండు వైపులా మొత్తాలు సరిచూసి తేడాలు చూపించే ప్రోగ్రామ్ ఉంటే, మార్పు చేయాల్సిన రోజుకు భయపడాల్సింది చాలావరకు అప్పటికే బయటపడి ఉంటుంది.

మనుషుల సంగతి చెప్పకుండా ఈ వృత్తి గురించి చెప్పడం కుదరదు. 1967లో మెల్విన్ కాన్వే ఒక వ్యాసం రాసి హార్వర్డ్ బిజినెస్ రివ్యూకు పంపితే, నిరూపణ లేదని తిప్పిపంపారు. 1968లో డేటామేషన్ అనే పత్రిక వేసింది. ఒక సంస్థ రూపొందించే సిస్టమ్ ఆకారం, ఆ సంస్థలో మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీరునే పోలి ఉంటుందని అందులో వాదించారు. ఇప్పుడు దాన్ని కాన్వే సూత్రం అంటున్నాం. రెండు టీమ్‌లు రెండు వేర్వేరు అధికారుల కింద ఉండి, వాళ్లిద్దరికీ పొసగకపోతే, ఆ టీమ్‌ల సిస్టమ్‌లు మాట్లాడుకునే ఏపీఐ ఎంత శుభ్రంగా గీసినా చివరికి రాత్రిపూట ఫైల్ పంపుకునే ఏర్పాటుగా తయారవుతుంది. దీన్ని బొమ్మ మార్చి బాగుచేయలేం. బాధ్యతలు మార్చాలి. ఆర్కిటెక్ట్ పై అధికారులతో మాట్లాడాల్సిన అసలు విషయం ఇదే. అక్కడికి వెళ్లేటప్పుడు చేతిలో ఏదో ఒక రుజువు ఉండాలి. గత ఏడాది ఏ ఫీచర్ ఎన్ని టీమ్‌ల చేతులు మారింది, ఒక్కో చోట ఎన్ని రోజులు ఆగింది అన్నది టికెట్ల చరిత్ర నుంచి తీసి చూపిస్తే, వ్యక్తుల మీదికి పోకుండా మాట ముందుకు సాగుతుంది.

నిర్ణయాలను రాసిపెట్టే విషయంలో నాది మొండిపట్టు. 2011లో మైఖేల్ నైగార్డ్ సూచించిన పద్ధతి చాలు. ఒకటి రెండు పేజీల్లో సందర్భం, తీసుకున్న నిర్ణయం, దాని పర్యవసానాలు. కోడ్ ఉన్న రిపాజిటరీలోనే ఉంచాలి. రాసింది మార్చకూడదు, కొత్త నిర్ణయం వస్తే పాతదాన్ని రద్దు చేసినట్టు గుర్తు పెట్టాలి. మూడేళ్ల తర్వాత వచ్చిన డెవలపర్‌కు ఇది ఎందుకిలా ఉంది అన్న ప్రశ్నకు జవాబు దొరకాలి. జవాబు దొరకనప్పుడు ఆమె రెండు పనుల్లో ఒకటి చేస్తుంది. భయపడి దాన్ని ముట్టుకోదు, లేదా కారణం తెలియక తీసేస్తుంది. రెండూ నష్టమే.

సర్టిఫికేట్ల గురించి అడుగుతుంటారు. టోగాఫ్ చదవండి, పది మందితో ఒకే పదజాలంలో మాట్లాడటానికి పనికొస్తుంది. అంతకు మించి దాన్నుంచి ఆశించవద్దు.

ఈ వాదనకు ఉన్న బలమైన అభ్యంతరం ఒకటుంది. వందల సిస్టమ్‌లున్న సంస్థలో ఒక మనిషి ఎన్నిటిని ముట్టుకోగలడు, అన్నీ చేత్తో చూస్తానంటే మొత్తాన్ని చూసేదెవరు అని. న్యాయమైన ప్రశ్న. అన్నిటినీ ముట్టుకోవడం ఎవరివల్లా కాదు, నేనూ ప్రయత్నించను. ఎక్కడ ముట్టుకోవాలో ఎంచుకోవడమే ఇక్కడ నేర్పు. వెనక్కి తీసుకోలేని నిర్ణయాలు, రెండు టీమ్‌ల మధ్య సరిహద్దులు, డబ్బు కదిలే దారులు, ఎవరిదో తెలియని డేటా. ఈ నాలుగు చోట్ల నేను ఎవరి మాట మీదా ఆధారపడను, స్వయంగా చూస్తాను. మిగతా చోట్ల టీమ్ నిర్ణయం టీమ్‌దే. ఏ లైబ్రరీ వాడాలి, ఫైళ్లు ఎలా అమర్చుకోవాలి అన్నవాటిలో వేలుపెట్టే ఆర్కిటెక్ట్ కోడ్ తెలిసినవాడైనా సరే టీమ్‌కు భారమే. రేపు సులభంగా మార్చుకోగలిగినదాన్ని ఇవాళ వాదించి గెలవాల్సిన పని లేదు.

ఈ ఉద్యోగానికి ఎవరినైనా ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు నేను వాళ్ల బొమ్మలు అడగను. మీరు తీసుకున్న ఒక నిర్ణయం చెప్పండి, అది రెండేళ్ల తర్వాత ఎలా ఉందో చెప్పండి అంటాను. కొందరికి రెండేళ్ల తర్వాతి సంగతి తెలియదు, ఎందుకంటే తిరిగి చూడలేదు. కొందరికి ఆ ప్రశ్నతోనే హుషారు వస్తుంది. ఆ క్యూ ఎక్కడ నిండిపోయేదో, ఏ టేబుల్‌కు ఇండెక్స్ సరిపోలేదో, ఏ టీమ్ దాన్ని దాటేసి సొంత దారి వేసుకుందో, వాళ్లు అలా ఎందుకు చేశారో చెప్పుకుపోతారు. అక్కడ నేను మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి, ఆ సొంత దారి వేసుకున్న టీమ్‌తో మీరు ఆ తర్వాత ఏం మాట్లాడారు అని అడుగుతాను.